ముందు నాలుగు, వెనక ఐదు

మా కారు వెనక ఇరుసు విరిగిన రోజు నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. పుల్లలచెరువు ఊళ్ళో తాగే నీళ్ళు పట్టుకుని వస్తున్నాను. డిక్కీలో నీళ్ళ డ్రమ్ములు, వెనక సీటు పీకేసిన చోట తవుడు బస్తాలు. మా ఊరు ఇంకొక్క మలుపు ఉందనగా వెనక టక్కుమని చప్పుడైంది. కారు ఎడమ పక్కకు ఒరిగి ఆగిపోయింది. దిగి చూస్తే చక్రం విరిగిన ఇరుసుతో సహా సగం బయటికి జారి ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నాను. అది విరగడం మొదటిసారి కాదు. పాత ఇరుసు ఎక్కడో వెతికి తేవడం, వేయించడం, అది మళ్ళీ విరగడం, ఏటేటా వచ్చే తిరునాళ్ళలాగా మాకు అలవాటైపోయింది.

మేము గొర్రెలు కాసుకునే వాళ్ళం. మా వైపు నేలకు వాన తప్ప వేరే దిక్కు లేదు. బోర్లు వేసినవాళ్ళు కూడా ఆకాశం వైపే చూస్తారు. శివరాత్రి దాటితే మేత ఉండదు. అందుకని ఏటా మందను తోలుకుని త్రిపురాంతకం మీదుగా కాలవ కింద ఊళ్ళకు పోతాం. అక్కడ పంట కోసేసిన చేలల్లో రైతులు మందను కట్టించుకుంటారు. రాత్రికి గొర్రెలు చేలో పడుకుంటే వాళ్ళ పొలానికి ఎరువు, మాకు తిండిగింజలు. ఒక చేను తర్వాత ఇంకో చేను, ఒక ఊరి తర్వాత ఇంకో ఊరు, తొలకరి పడేదాకా అదే మా కాపురం. పెళ్ళయి వచ్చిన ఏడాది మొదలు నేను ఒక్క వలస కూడా తప్పలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా నడిచాను. గొప్పకు చెప్పడం లేదు. ఇంటి దగ్గర ఒంటరిగా ఉండటం నాకు చేతకాదు, అంతే.

కొన్నేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించాయి. మార్కాపురంలో డాక్టరు ఫోటో తీసి చూసి, గుజ్జు అరిగిపోయిందమ్మా, ఇంక నడక తగ్గించాలి అన్నాడు. మంద వెనక నడిచేదానికి నడక తగ్గించడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ కారు మా ఇంటికి వచ్చింది. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపిన ఒక పెద్దాయన ఇంట పెళ్ళి భోజనాలకు మా ఆయన పొట్టేళ్ళు తోలాడు. పలకలు కొనేవాళ్ళు తగ్గి ఆయన ఫ్యాక్టరీ అప్పటికే మూలనపడింది. షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉన్న ఆ గుండ్రటి వీపు కారును చూపించి, డబ్బుకు బదులు దీన్ని తీసుకుపోరాదా అన్నాడట. మా ఆయన తీసుకొచ్చాడు. వాకిట్లో కారును చూసి నేను ఆ పూట అన్నం వండలేదు.

తర్వాత దాన్ని నడపడం నేర్చుకున్నదీ నేనే. మా ఆయన మందతో నడవాలి, మరిది మందతో నడవాలి, మిగిలింది నేను. మా మరిదే ఎండిపోయిన చెరువులో నాకు నేర్పించాడు. నడవడానికి పనికిరాని మోకాలు క్లచ్చు తొక్కడానికి పనికొస్తుందా అని ఎగతాళి చేశాడు. పనికొచ్చింది. అప్పటినుంచి మంద ముందు, నేను వెనక. నడవలేని పసి గొర్రెపిల్లలను వెనక గడ్డి పరిచి అందులో వేసుకుంటాను. పాత రోజుల్లో వాటిని గంపల్లో పెట్టి భుజాన మోసేవాళ్ళం. నీళ్ళు డిక్కీలో, గిన్నెలు, గొంగళ్ళు పైన. పొద్దు గూకే ముందు కారు దగ్గరికి తల్లులు వస్తాయి, ఏ తల్లి పిల్లను ఆ తల్లి దగ్గరికి వదులుతాను. దారిన పోయేవాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు, తీసుకోనీ అనుకుంటాను.

ఆ సంవత్సరం ఇరుసు విరిగేసరికి వలసకు ఇంకా కొద్ది రోజులే ఉంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. మా మరిది కారు చుట్టూ ఒకసారి తిరిగి, వదినా ఇంక ఈ తుక్కును వదిలేద్దాం, ట్రాలీ ఆటో మాట్లాడుకుందాం అన్నాడు. గొర్రెపిల్లలను, నీళ్ళను ఆ డ్రైవరే ఒక చేను నుంచి ఇంకో చేనుకు చేరుస్తాడు. అందులో తప్పేమీ లేదు. మాలాంటి వాళ్ళంతా చేస్తున్నది అదే. కాకపోతే ఆ ఏర్పాటులో నేను ఎక్కడా లేను. ఆటోకు డ్రైవరున్నాడు, మందకు అన్నదమ్ములున్నారు.

మా ఆయన వంగి విరిగిన ఇరుసును చూశాడు. తర్వాత మెల్లగా, "ఈ ఏడు నువ్వు ఇంటికాడ ఉండరాదా. కాళ్ళకు కాస్త సుఖంగా ఉంటది," అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అందుకే నాకు అంత కోపం వచ్చింది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మందలో నడవలేని గొర్రె ఉంటే మేం చేసేది రెండే పనులు, మోయడం లేదా అమ్మడం. నేను ఏ లెక్క కిందికి వస్తానో చెప్పమని అడిగాను. లేచి దొడ్డి వైపు పోయాడు. ఆ సాయంత్రం చాటలో బియ్యం చెరుగుతూ ఎన్ని గింజలు కింద పోశానో నాకే తెలియదు. నాకు ఊరంటే అయిష్టం లేదు. కానీ మంద పోయాక ఊళ్ళో ఉండే నిశ్శబ్దం నాకు తెలుసు. వాకిట్లో ఎండిన పెంట, ఖాళీ దొడ్డి. ఆ ఖాళీ దొడ్డికి కావలి కాస్తూ ముసలిదాన్ని కావడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు మా ఆయన మార్కాపురం పోయి ఒక మేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు. బండ్లు బాగుచేసేవాళ్ళను మా వైపు మేస్త్రి అనే అంటాం. అతను కారు కింద దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని నాతోనే అన్నాడు. "అక్కా, ఇది నలుగురు మనుషులను మోసేదానికి చేసిన యాక్సిల్. మీరు దాని మీద సంసారమంతా ఎక్కించినారు. మళ్ళా అట్లాంటిదే వేస్తే మళ్ళా ఇరుగుతాది."

అతని ఉపాయం ఏమిటంటే, పాత సామాన్ల వ్యాను వెనక ఇరుసు మొత్తం తెచ్చి దీనికి వేయడం. గిద్దలూరులో పాత ఇనుము అంగడిలో అలాంటిది ఒకటి ఉందట. మా కారు చక్రాలకు నాలుగు బోల్టులు. ఆ వ్యాను చక్రాలకు ఐదు, అవి కూడా ఎడంగా, పెద్ద గుండ్రంలో ఉంటాయి. కాబట్టి వెనక చక్రాలు కూడా ఆ వ్యానువే వేయాలి. ఇరుసుతో పాటు పెద్ద బ్రేకు డ్రమ్ములు కూడా వస్తాయి, బ్రేకులు కూడా మారిపోతాయి. ముందు చక్రాలు మార్చడం వేరే పెద్ద పని, దానికి సామాను దొరకదు, అవి నాలుగు బోల్టులతోనే ఉండనీ అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను కారు వైపు చూశాను. సరే అనుకున్నాం.

పనివాడి దగ్గర మన మనిషి కూర్చోకపోతే పని సాగదని మా నాయన చెప్పేవాడు. మా ఆయనకు మంద, మరిదికి మంద. కాబట్టి కారును ట్రాక్టరు మీద మార్కాపురం చేర్చాక, మేస్త్రి షెడ్డులో విరిగిన స్టూలు మీద కూర్చునే పని నా వంతుకు వచ్చింది. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో రావడం. అక్కడ ఇంకో మూడు బండ్లు ముక్కలై పడున్నాయి. వాటి యజమానులు కనబడరు. నేను కదలకుండా కూర్చోబట్టే మా కారు పైకి లేచింది.

పాత ఇరుసును విప్పి కింద పడేసి, దాని పక్కన వ్యానుది పెట్టారు. చూస్తే కొత్తది అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు పొడుగు. బండి బరువు మోసే కమాను కట్టలు కూర్చునే పీటలు దాని మీద వేరే చోట ఉన్నాయి. వాటిని కోసి, మా కారు కొలతకు జరిపి వెల్డింగు చేయాలి. చేశాడు. ఇరుసును పైకెత్తి బిగించాక చూస్తే దాని మూతి పైకి లేచి ఉంది. ఇంజను నుంచి వచ్చే పొడుగు రాడ్డు అందులో వంకరగా కూర్చుంది. బండి కొంచెం కదలగానే కిందనుంచి గడగడమని వణుకు. మేస్త్రి ముందు తనను తాను తిట్టుకున్నాడు, తర్వాత నన్ను కసిరాడు, తర్వాత కరెంటును తిట్టాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ కోశాడు. ఆ పొడుగు రాడ్డు కూడా ఎక్కువైందని లేత్ మిషన్ షాపుకు తీసుకుపోయి కోయించుకొచ్చాడు. నేను బస్సులో ఇంటికి పోయి ఎంతవరకు వచ్చిందో చెబుతుంటే మా మరిది నవ్వు ఆపుకునేవాడు. మా ఆయన మాత్రం వేడినీళ్ళు కాచి నా కాళ్ళ దగ్గర పెట్టి మందను చూడటానికి పోయేవాడు.

బ్రేకుల దగ్గర ఇంకో తలనొప్పి. వ్యాను బ్రేకు పైపు మర ఒకటి, మా కారు పైపు మర ఇంకొకటి. అతికే ముక్క దొరికేదాకా పని ఆగింది. దొరికాక, పైపుల్లో చేరిన గాలి తీయాలన్నాడు. అంటే ఒకరు లోపల కూర్చుని బ్రేకు తొక్కుతూ ఉండాలి, ఇంకొకరు కింద పడుకుని మర వదులు చేస్తూ ఉండాలి. లోపల కూర్చున్నది నేనే. తొక్కు అక్కా, పట్టుకో అక్కా, వదులక్కా అని కిందనుంచి అతని గొంతు. తొక్కాను, పట్టుకున్నాను, వదిలాను. డాక్టరు చూసి ఉంటే మందుచీటీ చింపేసేవాడు.

పని పూర్తయ్యాక కారు వెనక భాగం గుడ్డుకొచ్చిన కోడిలాగా పైకి లేచి కనబడింది. రోడ్డు మీద నడిపి చూశాం. కంకర మీద బ్రేకు వేయగానే వెనక చక్రాలు గట్టిగా పట్టుకుని తోక పక్కకు తిరిగింది. ముందు చిన్న బ్రేకులు, వెనక పెద్ద బ్రేకులు కదా, వెనకవి కాస్త వదులు చేయాలి అన్నాడు. వదులు చేశాడు. మళ్ళీ చూశాం. ఈసారి చెప్పిన మాట వింది.

ఇల్లు చేరే దారిలో టీ తాగుదామని ఆపితే, ఎక్కడి నుంచో వచ్చిన ఒక పెద్దమనిషి మా కారును చూసి మురిసిపోయాడు. ఇలాంటివి ఇప్పుడు ఎక్కడా లేవండీ అంటూ ముందునుంచి ఫోటోలు తీశాడు. వెనక్కి వచ్చి చక్రాలు చూశాక మొహం మాడిపోయింది. పాడు చేశారండీ, అసలైనది పోయింది అన్నాడు. అసలైనది విరిగింది బాబూ అని చెప్పి టీ గ్లాసు కడిగిచ్చి బండెక్కాను.

మేస్త్రి నాకు ఒక మాట గట్టిగా చెప్పి పంపాడు. ఇకనుంచి మీకు ఒక స్టెప్నీ చాలదు. ముందుకు నాలుగు బోల్టులది ఒకటి, వెనకకు ఐదు బోల్టులది ఒకటి, రెండు చక్రాలు ఎప్పుడూ డిక్కీలో ఉండాలి. ఇంటికి రాగానే ఆ మాట మా ఆయనకు చెప్పాను. తల ఊపాడు.

బయలుదేరే ముందు సాయంత్రం డిక్కీ సర్దుతూ, నాలుగు బోల్టుల స్టెప్నీని కిందికి దించి గోడకు ఆనించాడు. అక్కడ పిల్లలకు తాపే మందుల సంచి, ఇంకో నీళ్ళ డబ్బా పెట్టాడు. అదేందయ్యా అని అడిగాను.

"మందలో దెబ్బ తగిలేది ఎప్పుడన్నా ముందుదానికి తగిలిందా? కుంటేది ఎనకదే, కుక్క పట్టేది ఎనకదాన్నే. బరువంతా ఎనకే ఉండాది. పోతే ఎనక టైరే పోతాది," అన్నాడు.

ఇప్పుడు రాస్తుంటే తలకొట్టుకోవాలనిపిస్తుంది గానీ, ఆ పూట ఆ మాట నాకు సబబుగానే తోచింది. నేనూ పుట్టి పెరిగింది మందలోనే. మా వాళ్ళలో కాపు కాసేవాడి చూపు ఎప్పుడూ వెనక ఉంటుంది. ముందున్నది దాని దారి అది చూసుకుంటుంది. కారు గొర్రె కాదన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

మా మందకు ముందు నడిచేది గంట కట్టిన పొట్టేలు. దాని మెడలో మా మామ నాటి ఇత్తడి గంట. అది మా ఆయన నాలుక చప్పుడుకు తప్ప ఇంకెవరి మాటకూ కదలదు. నేను బెల్లం ముక్క పెట్టి పిలిచినా బెల్లం తిని అక్కడే నిలబడుతుంది. అది ఎటు పోతే మంద అటు పోతుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వలసకు దొడ్డి కంప తీసి మందను బయటికి తోలాక, దాన్ని వెనక్కి మళ్ళించకూడదు. మరిచిపోయిన వస్తువు ఉంటే మనిషి వెనక్కి రావాలి గానీ మంద మళ్ళకూడదు. మళ్ళిస్తే ఆ ఏడు మంద నిలవదని మా మామ అనేవాడు. ఏ కారణం చేతనైనా మందే మళ్ళితే, మళ్ళి వచ్చి ఆగిన చోటనే ఆ రాత్రికి దొడ్డి కట్టి, తెల్లారి కొత్తగా బయలుదేరాలి. మా ఆయన వేరే సంగతుల్లో ఎట్లా ఉన్నా ఇందులో మాత్రం తండ్రికి తగ్గ కొడుకు. ఒక ఏడు నా మందుల సంచి మరిచిపోతే, మందను తమ్ముడి మీద వదిలి తను ఒక్కడే ఊరిదాకా నడిచిపోయి తెచ్చాడు.

బయలుదేరాం. మంద ముందు మరిది, వెనక మా ఆయన, ఆ వెనక నేను. పిల్లలు గడ్డిలో ముడుచుకుని పడుకున్నాయి. డ్రమ్ముల బరువు ఇరుసుకు తగిలినట్టే లేదు. ఇన్ని రోజులు ఆ షెడ్డులో కూర్చున్న అలసట అంతా ఉన్నా, స్టీరింగు పట్టుకుని మంద దుమ్ములో మెల్లగా పోతుంటే నాకు సంతోషంగానే ఉంది. ఈ ఏడాది కూడా నేను మందలోనే ఉన్నాను అనుకున్నాను.

త్రిపురాంతకం దాటిన కాసేపటికి కారు ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు. ఎండిన తుమ్మముల్లు, వేలు పొడుగుది, నిలువునా దిగి ఉంది. వెనక ఐదు బోల్టుల చక్రాలు రెండూ చక్కగా నిలబడి ఉన్నాయి.

మా ఆయన వెనక్కి వచ్చాడు. జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. డిక్కీలో ఉన్న స్టెప్నీ తెచ్చి పెట్టి చూశాడు. ఐదు కన్నాలు, నాలుగు బోల్టులు. ఏదో ఒక వైపు నుంచి కుదురుతుందేమో అన్నట్టు దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. తర్వాత కింద పడేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. గోడకు ఆనించిన ఆ చక్రం ఇద్దరికీ కళ్ళ ముందు కనబడుతోంది. తిట్టడానికి నాకు మాటలు చాలా ఉన్నాయి. ఊడిన చక్రాన్ని దొర్లించి రోడ్డు పక్కకు చేర్చాను.

ముందు మరిది ఒక్కడే ఉన్నాడు. రోడ్డుకు రెండు పక్కలా మిరప చేలు. మంద చేలో పడితే ఆ ఊళ్ళో తగాదా, తర్వాత ఏ ఊళ్ళోనూ మమ్మల్ని రానివ్వరు. మా ఆయన మంద వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నువ్వు ఈడనే ఉండు. మందను చేను చేర్చి వస్తా," అన్నాడు.

పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. మంద ఉన్నవాడు చేయవలసింది అదేనని నాకు తెలుసు. అతని చోట నేనున్నా అదే చేసేదాన్ని. తెలిసినంత మాత్రాన దుఃఖం ఆగదు. గంట చప్పుడు మెల్లగా తగ్గి, తగ్గి, వినబడకుండా పోయింది. అంతకుముందు ఎప్పుడూ మంద నన్ను విడిచి పోలేదు.

త్రిపురాంతకం వైపు పోయే ఒక ఆటోను ఆపి, పంక్చరు వేయించి తెచ్చిపెట్టమని బతిమాలి చక్రం ఎక్కించాను. మూడు చక్రాల మీద, ఒక జాకీ మీద కారు. నేను తలుపు తీసుకుని నీడలో కూర్చున్నాను. పిల్లలు లేచి అరవడం మొదలుపెట్టాయి. ఒకదానికి నీళ్ళు తాపితే ఇంకోటి, దాన్ని ఊరుకోబెడితే ఇంకోటి. అన్నిటికంటే చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. అది నా వేలు చప్పరించి చూసి, అందులో ఏమీ లేదని తెలుసుకుని మళ్ళీ అరిచింది. మా ఆయన అన్న మాట గుర్తుకొచ్చింది. కుంటేది వెనకదే. ఇంటికాడ ఉండమన్నప్పుడే ఉండి ఉంటే ఇప్పుడు ఎవరికీ అడ్డం కాకుండా ఉండేదాన్ని అనిపించింది. ఇన్నాళ్ళూ ఇంటికాడ ఉండను ఉండను అని మొండికేసి, షెడ్డు చుట్టూ తిరిగి, ఇనుము కోయించి, అతికించి, చివరికి వచ్చింది ఇక్కడికి. ఎవరూ లేని రోడ్డు కదా అని గట్టిగానే ఏడ్చాను. ఇరుసు విరిగిన రోజు ఏడుపు కూడా అందులో కలిసిందేమో.

మధ్యలో మరిది ఫోన్ చేశాడు. చక్రం వచ్చిందా వదినా అన్నాడు. రాలేదు, నాకేం భయం లేదులే, మీరు పోండి అన్నాను. గొంతు బొంగురుపోయింది. అటు పక్క ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వినబడింది. ఫోన్ పెట్టేశాడు.

పొద్దు ఇంకా బారెడు ఉంది. గంట వినబడింది. మొదట ఏ గుడి గంటో అనుకున్నాను. తర్వాత దుమ్ము లేచింది. రోడ్డు నిండా గొర్రెలు, నా వైపు మొహం పెట్టి వస్తున్నాయి. మంద మళ్ళింది. పిల్లలు అరిచిన అరుపుకు తల్లులు బదులు పలికాయి. కాసేపట్లో కారు చుట్టూ గొర్రెలే. నేను ఏ తల్లికి ఏ పిల్లను ఇస్తున్నానో చూసుకునే తీరిక కూడా లేదు. అవే వెతుక్కున్నాయి.

వెనక మా ఆయన, మరిది వచ్చారు. ఇద్దరికీ ఆయాసం. నేను అడగకముందే మా ఆయన చెప్పాడు. "పిల్లల కోసం తల్లులు మళ్ళినాయి. ఎంత అదిలించినా ఆగలా."

మరిది తలగుడ్డ విప్పి దులుపుతూ వేరే వైపు చూస్తున్నాడు. సరే, మళ్ళి వచ్చి ఆగిన చోటనే దొడ్డి కట్టాలి కదా అన్నాను. అవునన్నాడు మా ఆయన. పక్కన కోసేసిన జొన్న చేను ఉంది. దాని ఆసామి మా ఆయనకు తెలిసినవాడే, అతన్ని ఫోన్‌లో అడిగితే, మంద ఊరికే కడతామంటే ఎవరు కాదంటారు, సంతోషంగా కట్టుకోమన్నాడు. అన్నదమ్ములిద్దరూ కంప కొట్టుకొచ్చి, చేనుకూ రోడ్డంచున ఉన్న కారుకూ కలిపి చుట్టూరా దొడ్డి కట్టారు. ఆ రాత్రికి మంద నడిమధ్యన మా కారు.

ఆటోవాడు చక్రం తెచ్చిపెట్టి పోయాడు. మా ఆయన దాన్ని ఎక్కిస్తుంటే నేను నట్లు చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్నాను. నాకు నవ్వడానికి కూడా ఓపిక లేదు. కానీ ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. నేనూ గొర్రెల దాన్నే. తల్లులు పిల్లల్ని వెతుక్కునేది పొద్దు గూకే ముందు గానీ బారెడు పొద్దుండగా కాదు. తల్లులే మళ్ళి ఉంటే అవే ముందు పరిగెత్తుకు రావాలి, మిగిలినవి చెల్లాచెదురుగా వెనక రావాలి. అట్లా రాలేదు. మంద ఒద్దికగా, ఒక వరసలో వచ్చింది. అన్నిటికంటే ముందు నడిచి వచ్చింది గంట పొట్టేలు.

"ఏమయ్యా, గంట పొట్టేలుకు కూడా పిల్లలున్నాయా?" అన్నాను.

మా ఆయన తల ఎత్తలేదు. పానాతో మూడో నట్టు బిగించాడు. బిగిసినదాన్నే ఇంకోసారి బిగించాడు. అప్పుడు అన్నాడు.

"వచ్చే ఏడు ముందువి కూడా మార్పిద్దాం. నాలుగు చక్రాలూ ఒక తీరుగా ఉంటే నీకు తిప్పలుండవు."

నేను నాలుగో నట్టు అతని చేతిలో పెట్టాను.